ఆఫ్రికా చేపలు, మొయినాబాద్ బోరు నీళ్ళు

ఈ మధ్య మా ఆఫీసులో ఒక కొత్త జబ్బు మొదలైంది. ఇల్లు కొన్నవాడల్లా గృహప్రవేశం అయిన నెలలోపే హాల్లో నాలుగడుగుల అక్వేరియం పెట్టేస్తున్నాడు. అందులో గోల్డ్ ఫిష్, గప్పీలు వేస్తే నామోషీట. ఆఫ్రికన్ సిక్లిడ్స్ ఉండాలిట. నిజమే, మంచినీళ్ళ చేపల్లో అంత రంగు ఇంకెక్కడా కనపడదు. పసుపూ నీలం చూస్తుంటే సముద్రం చేపలేమో అనిపిస్తుంది. మొదటి రెండు నెలలూ లంచ్ టైములో ఫోన్లో ఫొటోలే ఫొటోలు. ఆ తర్వాత ఫొటోలు తగ్గుతాయి. ఆర్నెల్ల తర్వాత వాళ్ళింటికి వెళ్ళి చూస్తే ట్యాంకులో ఒక బలిసిన మగచేప, ఒక మూల హీటర్ వెనక దాక్కున్న చిరిగిన తోకల చేపలు రెండో మూడో.. అంతే.

నేను మొయినాబాద్ దాటాక చేవెళ్ళ వైపు ఒక కాలనీలో ఉంటాను. నాకూ ఈ చేపల పిచ్చి ఉంది. అంచేత "ఏ చేపతో ఏ చేప పెట్టొచ్చు బాస్?" అని నన్ను అడిగేవాళ్ళు బాగా పెరిగారు. ఒక్కొక్కళ్ళకీ కారిడార్లో నిలబడి చెప్పే కన్నా ఒకసారి కూర్చుని రాస్తే పోలా అనిపించింది. పైగా ఇందులో చేపలతో ఆగని సంగతి ఒకటుంది. అది చివర్లో చెప్తాను, కానీ అసలు రాస్తున్నది దానికోసమే.

ముందు షాపులో జరిగేది చెప్పుకుందాం. మీరు వెళ్ళి రకరకాల రంగుల చేపలున్న ట్యాంకు ముందు నిలబడతారు. అక్కడి కుర్రాడు వచ్చి "సార్, ఇవన్నీ ఆఫ్రికన్సే, కలిపి పెట్టుకోవచ్చు" అంటాడు. ఇది ఎలా ఉంటుందంటే, "వీళ్ళంతా ఇండియన్సే, అమీర్‌పేట హాస్టల్లో ఒకే రూములో వేసేయండి" అన్నట్టుంటుంది. వేయొచ్చు. ఎన్నాళ్ళు ఉంటారన్నదే ప్రశ్న.

ఆఫ్రికన్ సిక్లిడ్స్ అని మనం ఒక్క పేరుతో పిలిచేవి ముఖ్యంగా మూడు పెద్ద సరస్సుల చేపలు. మలావీ, టాంగనీకా, విక్టోరియా. మన షాపుల్లో దొరికేవి ఎక్కువగా మలావీవి. ఆ ఒక్క సరస్సులోనే వందల జాతుల సిక్లిడ్లున్నాయి, అందులో చాలామటుకు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ఒకే సరస్సులో అన్ని జాతులు ఎలా ఇమిడాయంటే, ఒక్కోటీ ఒక్కో మూల, ఒక్కో తిండి పట్టుకుని బతకడం వల్లే. రాళ్ళ మీద నాచు గీక్కుని తినేవి కొన్ని, ఇసకలో పురుగులు వెతుక్కునేవి కొన్ని, చిన్న చేపల్ని వేటాడేవి కొన్ని. నింబోక్రోమిస్ అనే జాతిలో ఒకటి చచ్చిన చేపలా ఇసకలో పడుకుని, దగ్గరికొచ్చిన చిన్న చేపని లటుక్కున మింగుతుంది. అంటే సరస్సులో ఇవన్నీ కలిసి లేవు, పక్కపక్కన ఉన్నాయి. ఆ సరస్సు పొడవు ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. మన ట్యాంకు నాలుగడుగులు.

సరే, విషయానికొద్దాం. సిక్లిడ్స్‌కి "కంపాటిబిలిటీ" అంటే రెండు చేపలు స్నేహంగా ఉంటాయా లేదా అని కాదు. నా లెక్కలో నాలుగు ప్రశ్నలున్నాయి. నీళ్ళు సరిపోతాయా? తిండి ఒకటేనా? చోటు కోసం తన్నుకుంటే ఓడినవాడికి పారిపోయే దారుందా? పిల్లలు పుడితే ఏం చేస్తారు? మన జనం మూడోదాని గురించే అడుగుతారు. నాలుగోది ఎవరూ అడగరు.

నీళ్ళతో మొదలెడదాం, ఎందుకంటే ఇక్కడ మన మొయినాబాద్, చేవెళ్ళ వాళ్ళకి అదృష్టం కలిసొచ్చింది. బోరు నీళ్ళని తిట్టుకోని ఇల్లు ఇటువైపు ఉండదు. గీజరు కాయిలు మీద సున్నం, కుళాయిల మీద తెల్లటి మరకలు, బకెట్‌లో సబ్బు నురగ రాదు, జుట్టు ఊడిపోతోందని ఆడవాళ్ళ గోల. ఆ నీళ్ళలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లే దానికి కారణం. కానీ మలావీ, టాంగనీకా చేపలకి కావలసింది సరిగ్గా ఇలాంటి క్షారగుణం ఉన్న నీళ్ళే. మలావీ సరస్సు నీళ్ళ పీహెచ్ ఎనిమిదికి అటూఇటూ ఉంటుంది, టాంగనీకాది దాదాపు తొమ్మిది. ముఖ్యం పీహెచ్ ఎంత అన్నదానికన్నా అది కదలకుండా ఉండటం. అలా కదలకుండా పట్టుకునేది బైకార్బొనేట్. ట్యాంకులో బాక్టీరియా పని చేస్తున్నకొద్దీ అది ఖర్చవుతూ ఉంటుంది, పూర్తిగా అయిపోతే పీహెచ్ ఒక్కసారిగా కిందకి పడుతుంది. బోరు నీళ్ళు పోసేవాడికి ఆ భయం చాలా తక్కువ.

ఇక్కడ మనవాళ్ళు చేసే విచిత్రమైన పనొకటి ఉంది. "చేపలకి ప్యూర్ వాటర్" అని ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పించి ఆర్వో నీళ్ళు పోస్తారు. ఈ చేపల విషయంలో అది డబ్బులిచ్చి మరీ మంచి నీళ్ళని పాడు చేసుకోవడమే. సాఫ్ట్‌నర్ నీళ్ళూ అంతే, కాల్షియం తీసేసి దాని బదులు సోడియం పెడుతుంది. తోటకి వెళ్ళే పైపు సాధారణంగా సాఫ్ట్‌నర్‌కి ముందే ఉంటుంది, అక్కణ్ణించి పట్టుకోండి. ఇంకొకటి, ఆర్వో అమ్మేవాళ్ళు చూపించే టీడీఎస్ మీటర్ ఇక్కడ పెద్దగా పనికిరాదు. నీళ్ళలో ఎంత కరిగుందో చెప్తుంది కానీ ఏం కరిగుందో చెప్పదు. చుక్కలు వేసి రంగు చూసే కేహెచ్, జీహెచ్ కిట్లు దొరుకుతాయి, అవి కొనండి. వాటితోపాటు నైట్రేట్ కిట్ కూడా. కూరగాయలు, పూలు పండించే ఊళ్ళు మనవి. ఎరువులు భూమిలోకి దిగి కొన్ని బోర్లలో నైట్రేట్ ముందే ఎక్కువుంటుంది.

బోరు నీళ్ళు పట్టగానే పోసేయకండి. భూమిలోంచి వచ్చిన నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుంటుంది, ఆక్సిజన్ తక్కువుంటుంది. మా ఇంట్లో అప్పుడే పట్టిన నీళ్ళు చూస్తే పీహెచ్ 7.3 వస్తుంది. అదే డ్రమ్ములో ఎయిర్ పంపు పెట్టి మర్నాడు చూస్తే 8.1. నీళ్ళు అవే, గ్యాసు పోయింది, అంతే. మున్సిపాలిటీ నీళ్ళయితే ఇలా ఊరికే వదిలేస్తే చాలదు, క్లోరిన్ విరిచే మందు కూడా వేయాలి.

ఇక రాళ్ళు. మలావీ చేపల్లో రాళ్ళ మధ్య బతికేవాటిని 'ఎంబూనా' అంటారు, అక్కడి జాలర్ల మాట అది. వాటికి మొక్కలూ, ప్లాస్టిక్ నిధిపెట్టెలూ, బుడగలు వదిలే అస్థిపంజరాలూ అక్కర్లేదు. గుట్టగా పేర్చిన రాళ్ళు, మధ్యలో సందులు, అవే వాటి ఇళ్ళు. దీనికి షాపులో కిలో లెక్కన అమ్మే "ఇంపోర్టెడ్ రాక్" కొంటారు కొందరు. మనం ఉన్నది ఎక్కడండీ? చేవెళ్ళ దాటి అదే దారిలో ఇంకొంచెం పోతే తాండూరు. ఇల్లు కట్టే ప్రతిచోటా తాండూరు బండ ముక్కలు కుప్పలుగా పడుంటాయి. అది సున్నపురాయి. మీద కొంచెం వెనిగర్ పోసి చూడండి, సన్నగా బుడగలొస్తాయి. నీళ్ళలో చాలా నిదానంగా కరుగుతూ, పీహెచ్ పడిపోకుండా కాస్త సాయం కూడా చేస్తుంది. అంచులు అరగదీసి, బాగా కడిగి, ఒకదానిమీద ఒకటి పేరిస్తే అంతస్తుల గుహలు తయారు. మనకి ఎటు చూసినా దొరికే నల్లరాయి కూడా వాడొచ్చు, అది నీళ్ళని ఏమీ చేయదు. ఏ రాయైనా ముందు అద్దం మీద నిలబెట్టి ఆ తర్వాతే ఇసక పోయాలి. ఇసక మీద రాయి పెడితే ఈ చేపలు కింద తవ్వుతాయి, రాయి ఒరిగి అద్దానికి తగులుతుంది. నాలుగడుగుల ట్యాంకంటే రెండొందల యాభై లీటర్లు. నీళ్ళు, రాళ్ళు, అద్దం కలిపి మూడొందల యాభై కిలోల పైన. రాత్రి రెండింటికి హాల్లో చెరువు తెగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. ఎవరితో ఎవరు?

మలావీ చేపల్ని మన పనికి మూడు గుంపులు చేసుకోవచ్చు. ఎంబూనాలు రాళ్ళ మధ్య ఉంటాయి, నాచు తింటాయి, కోపం ముక్కు మీదే ఉంటుంది. పీకాకులు ఇసకలో పురుగులు తింటాయి, ఉన్నంతలో నెమ్మది. హ్యాప్స్ అనేవి విశాలంగా ఈదేవి, పెద్దవయ్యేవి, చాలావరకు మాంసాహారులు. షాపులో ఈ మూడూ ఒకే సైజులో, రెండంగుళాల పిల్లలుగా ఉంటాయి కాబట్టి అన్నీ ఒకటే అనిపిస్తుంది. ఏడాది తర్వాత యెల్లో ల్యాబ్ నాలుగంగుళాలు ఉంటే, వీనస్టస్ దానికి రెట్టింపు ఉండి ఇంకా పెరుగుతూనే ఉంటుంది.

ఎంబూనాలని పీకాకులతో కలపొద్దు అనడానికి పెద్ద కారణం దెబ్బలాటలు కాదు, తిండి. నాచు తినే చేపకి పేగు పొడుగ్గా ఉంటుంది. దానికి రోజూ మాంసం పెడితే, అంటే ఎండబెట్టిన ట్యూబిఫెక్స్ ముక్కలు, బ్లడ్ వర్మ్‌లు పెడితే, కొన్నాళ్ళకి పొట్ట ఉబ్బి తిండి మానేస్తుంది. మలావీ బ్లోట్ అంటారు దీన్ని. బెదురు, నీళ్ళ మురికి కూడా తోడైతే ఒక్కొక్కటే రాలిపోతాయి. వాటికి స్పిరులినా ఎక్కువున్న గింజలు పెట్టాలి. అదే తిండి మాంసాహారికి పెడితే దానికి చాలదు. ఒకే మెస్సులో రెండు మెనూలు కుదరవు. మన ఇంట్లో ఆకుకూర తినేవాళ్ళకీ నాటుకోడి తినేవాళ్ళకీ వేరే వేరే పళ్ళాలుంటాయి. ట్యాంకులో ఉండేది ఒక్కటే పళ్ళెం.

మొదటిసారి పెట్టేవాళ్ళకి నేను చెప్పే లిస్టు ఇది. నాలుగడుగుల ట్యాంకులో యెల్లో ల్యాబ్ ఆరు, యెల్లో టెయిల్ ఏసీ ఆరు (గోడకి పెట్టే ఏసీ కాదు :)), రస్టీ ఆరు. ఒకటి పసుపు, ఒకటి ఊదా నీలం, మూడోది ఇటుక రంగు. ఎంబూనాల్లో ఉన్నంతలో సాధువులు ఇవే. ముగ్గురికీ ఒకే తిండి సరిపోతుంది. రంగూ ఆకారమూ వేరు వేరు కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోటి "నా పోటీదారుడు" అనుకోదు. ఈ చేపలు పరాయివాడి కన్నా తనలాగే కనపడేవాడినే ఎక్కువ తరుముతాయి. మనుషుల్లో కూడా పక్క టీము వాడితో రాని గొడవ మన సీటు పక్కనే కూర్చున్నవాడితో వస్తుంది కదా, అలాగన్నమాట.

వదిలేయాల్సినవి కూడా చెప్తాను. ఆరేటస్ చారలతో ముచ్చటగా ఉంటుంది, పెద్దయ్యాక రౌడీ. కెన్యి అంతే, పైగా దాంట్లో ఆడది నీలం, మగది పసుపు, కొనేవాళ్ళు ఎప్పుడూ తిరగేసి అనుకుంటారు. డెమసోని మూడంగుళాల నీలి వజ్రం, కానీ నాలుగైదు కొంటే చివరికి ఒకటే మిగులుతుంది. పెడితే డజను పైన పెట్టాలి. రెడ్ జీబ్రా, యెల్లో ల్యాబ్ కలిపి పెడితే సంకరమై నారింజా కాని పసుపూ కాని పిల్లలు పుడతాయి. మచ్చలమచ్చలుగా ఓబీ పీకాక్ అని అమ్మేది ఏ సరస్సులోనూ లేదు, మనుషులు సంకరం చేసి పుట్టించినదే. "అసార్టెడ్ ఆఫ్రికన్స్" అని ఒకే రేటుకి అమ్మే ట్యాంకు జోలికి అసలు పోకండి. అందులో ఎవరి తల్లిదండ్రులెవరో దేవుడికే తెలియాలి. టాంగనీకా చేపలు, అంటే ఫ్రంటోసా, గవ్వల్లో కాపురం చేసేవి లాంటివి, వాటికి వేరే ట్యాంకు పెట్టుకోవాలి.

పద్దెనిమిది చేపలు ఎక్కువ కాదా అంటారేమో. మామూలు చేపల లెక్కలో ఎక్కువే. ఎంబూనాలకి మాత్రం ఆ రద్దీ కావాలి. నాలుగే చేపలుంటే పెద్దది బలహీనమైనదాన్ని పట్టుకుని చచ్చేదాకా తరుముతుంది. పద్దెనిమిదుంటే తరమడం మొదలెట్టేలోపు మధ్యలో ఇంకోటి అడ్డం వస్తుంది. మన భాషలో చెప్పాలంటే లోడ్ బాలెన్సింగ్. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండాలన్నది కూడా ఇందుకే. అయితే రద్దీ పెరిగితే మురికీ పెరుగుతుంది. పెద్ద ఫిల్టరు పెట్టాలి, వారానికోసారి మూడోవంతు నీళ్ళు మార్చాలి. ఆ ఎనభై తొంభై లీటర్లూ మల్లెచెట్టుకి పోయండి, ఎరువు కొనక్కర్లేదు.

చేపలు వేసే ముందు ట్యాంకుని నెలా నెలన్నర నడపాలి. అమ్మోనియాని తినే బాక్టీరియా పెరగాలి కదా. ఇది ప్రతి చోటా చెప్పేదే కానీ మన క్షారపు నీళ్ళలో దీనికి విలువ ఎక్కువ. అమ్మోనియాలో విషమయ్యే భాగం పీహెచ్‌ని బట్టి మారుతుంది. పీహెచ్ 7 దగ్గర ఒక శాతం కూడా ఉండదు. 8.2 దగ్గర దానికి పది రెట్ల పైనే. మెత్తటి నీళ్ళలో చేప తట్టుకునే పొరపాటు మన నీళ్ళలో ప్రాణం తీస్తుంది. కరెంటు పోతే ఫిల్టరు ఆగుతుంది, కాబట్టి ఒక ఎయిర్ పంపుని ఇన్వర్టర్ లైనులో పెట్టుకోండి. వర్క్ ఫ్రం హోం పుణ్యమా అని రౌటర్‌కి ఎలాగూ ఉంది కదా. మే నెలలో నీళ్ళు ముప్ఫై దాటితే మూత తీసి చిన్న ఫ్యాను పెట్టండి. డిసెంబర్లో చేవెళ్ళ వైపు రాత్రులు పది డిగ్రీల దగ్గరికొస్తాయి, హీటరు తప్పదు.

ఇంతవరకూ చెప్పింది ఏదో రకంగా మీరే కనుక్కోగలరు. ఇప్పుడు నాలుగో ప్రశ్న.

పైన చెప్పినట్టు చేస్తే చేపలు సుఖంగా ఉంటాయి. సుఖంగా ఉంటే పిల్లల్ని పెడతాయి. ఈ మలావీ చేపల్లో తల్లి గుడ్లని నోట్లో పెట్టుకుని మూడు వారాలు తిండి మానేసి మోస్తుంది. ఆ దవడ ఉబ్బు చూసి పిల్లలు కేకలు పెడతారు, మా ఆవిడ కూడా "పాపం ఉపవాసం చేస్తోంది" అని జాలిపడింది. తర్వాత ఒక్కో తల్లి నోట్లోంచి పదీ పాతిక పిల్లలు బయటికొస్తాయి. మొదటిసారి పండగలా ఉంటుంది. నాలుగోసారికి ఎక్కడ పెట్టాలో తెలీదు. షాపువాడు ఊరికే ఇచ్చినా తీసుకోడు. రెండొందల లీటర్లలో ముప్పై ఎక్కువైతే తన్నులాట కూడా మళ్ళీ మొదటికొస్తుంది. అప్పుడు ప్రతివాడికీ వచ్చే ఆలోచన ఒకటే. "చంపడం పాపం. దగ్గర్లో చెరువుంది కదా, వదిలేద్దాం. హాయిగా బతుకుతాయి."

మా కాలనీ పక్కన తోట ఉన్న అన్న ఒకసారి మా ఇంటికొచ్చి ట్యాంకు చూసి "ఏం సార్, గిన్ని చేపలు వెట్టిన్రు, కూర వండుతరా?" అన్నాడు. లేదన్నా, చూడ్డానికే అన్నాను. "సూసెతందుకేనా! గంత కరెంటు కాలవెట్టి?" అని నవ్వాడు. కాసేపయ్యాక రాళ్ళ సందుల్లో పిల్లల్ని చూసి, "ఎక్కువైతే నా పొలం కాడ గుంటల ఏయున్రి సార్, పెరుగుతయి" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను వద్దన్నా, ఇవి జిలేబీ చేప చుట్టాలు అన్నాను. అంతే, మొహం మారిపోయింది. "అయితే వద్దు సార్. గవి వడ్డంక మా చెర్ల బొచ్చెలు సక్కగ ఎదుగుతలెవ్వు."

ఇంజనీర్లకి అరగంట చెప్పినా ఎక్కనిది ఆయనకి ఒక్క మాటతో ఎక్కింది. జిలేబీ అంటే తిలాపియా. అదీ ఆఫ్రికన్ సిక్లిడ్డే. మొజాంబిక్ తిలాపియాని మన దేశానికి 1952లో తెచ్చారు, పేదవాడికి చవగ్గా చేప దొరుకుతుందని. అది కూడా నోట్లో పిల్లల్ని మోసే జాతే కాబట్టి పిల్లలు తొందరగా చావవు. ఏ నీళ్ళైనా తట్టుకుంటుంది. దేశంలో చెరువులూ, రిజర్వాయర్లూ చాలావాటిలో పాతుకుపోయింది. ఇప్పుడు తీసేద్దామన్నా ఎవరి తరమూ కాదు. మనం చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి వీసా వచ్చాక నూట ఎనిమిది చేస్తాం. ఈ చేపలు ఏ వీసా లేకుండా వచ్చి సిటిజన్‌షిప్ కూడా తీసేసుకున్నాయి.

ఒక్క తిలాపియానే కాదు. అద్దం నాకుతుందని షాపుల్లో "సక్కర్" పేరుతో అమ్మే నల్లటి ముళ్ళ చేప ఉంది చూశారూ, దాన్నే ఇప్పుడు మన జాలర్లు దెయ్యం చేప అంటున్నారు. వలలు చించేస్తుంది, ఎవరూ కొనరు. ఇది తూర్పు కనుమల నీళ్ళలో ఎంత దూరం పాకిందో మన హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ళు నీళ్ళలో మిగిలిన డీఎన్ఏ ఆనవాళ్ళ ద్వారా పరిశీలించి, చాలాచోట్ల కనపడిందని తేల్చారు. అది దక్షిణ అమెరికా చేప. అక్వేరియంల కోసమే ఇక్కడికొచ్చింది.

ఆఫ్రికాలో కూడా ఇదే కథ జరిగింది. విక్టోరియా సరస్సులో 1950ల నుంచి నైల్ పెర్చ్ అనే పెద్ద చేపని వదిలారు. 1980లలో అది విపరీతంగా పెరిగి అక్కడి చిన్న సిక్లిడ్లని తినేసింది. రెండు వందల జాతుల దాకా మాయమయ్యాయని అంచనా. మనం ఏ చేపల్ని హాల్లో పెట్టుకుని మురిసిపోతున్నామో వాటి దాయాదులే అవి. బయటినుంచి తెచ్చి వదిలిన చేప ఏం చేయగలదో మన ట్యాంకులో ఉన్నవాటి చుట్టాలకి జరిగినదాన్ని బట్టే తెలుసుకోవచ్చు.

మనం ఉన్న చోటు వల్ల ఇది ఇంకా దగ్గరి విషయం. మొయినాబాద్, చేవెళ్ళ మండలాల్లో పడ్డ వాన వాగుల్లోంచి మూసీ, ఈసీల్లోకి పోతుంది. మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేట, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. హైదరాబాద్‌కి వందేళ్ళుగా తాగునీళ్ళిచ్చిన చెరువులు. ఈ రెండింటినీ కాపాడ్డానికే 1996లో ఎనభైనాలుగు ఊళ్ళకి 111 జీవో పెట్టారు. ఆ జీవో ఉండాలా పోవాలా, ప్లాట్ల రేట్లు ఏమవుతాయి అని మనం గంటలు గంటలు వాదించుకున్నాం. కానీ ఫాంహౌస్‌లో ముచ్చట కోసం తవ్విన గుంటలో వదిలిన చేప కూడా ఆ నీటి దారిలోనే ఉందని ఎవరం అనుకోం. ఒక మంచి వానాకాలం గుంట పొంగితే అది వాగులో ఉంటుంది. ఊరి చెరువు మత్తడి దుంకితే ఇంకా కిందకి పోతుంది. ఆ చెరువుల్లో 2016 నుంచి ప్రభుత్వం బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లల్ని ఉచితంగా వదులుతోంది, వాటిమీద బతికే కుటుంబాలున్నాయి.

మలావీ చేప మన చెరువులో బతుకుతుందా అంటే, నేను పైన రాసిందే మళ్ళీ చదవండి. మన నీళ్ళు వాటికి బాగుంటాయి అని నేనే మెచ్చుకుంటూ రాశాను. ట్యాంకులో మనకి కలిసొచ్చిన గుణమే బయట ప్రమాదం. నూటికి తొంభై చచ్చిపోవచ్చు, మిగిలిన పది చాలు. రెండు రకాలు కలిస్తే సంకరమయ్యే జాతులివి, పైగా షాపు సంకరాలు.

మరి ఏం చేయాలి? దారులు లేకపోలేదు. పిల్లలు వద్దనుకుంటే అన్నీ మగవే ఉండేలా పీకాకుల ట్యాంకు పెట్టండి. ఖర్చు కాస్త ఎక్కువ, కానీ రంగులన్నీ మగవాటికే కాబట్టి ట్యాంకు కళకళలాడుతుంది. ఎంబూనాలే కావాలంటే పిల్లల్ని వేరుచేసి పెంచకుండా పెద్ద ట్యాంకులోనే వదిలేయండి. చాలావాటిని మిగతా చేపలు తినేస్తాయి. వినడానికి కటువుగా ఉన్నా సరస్సులో జరిగేదీ అదే. బతికి పెరిగిన నాలుగింటినీ తీసుకునేవాళ్ళు ఎవరో ముందే మాట్లాడి పెట్టుకోండి. సాటి పిచ్చివాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు, కొన్ని షాపులు మంచి జాతి పిల్లల్ని పాత కస్టమర్ల దగ్గర తీసుకుంటాయి. ఏ దారీ లేకపోతే, జబ్బు చేసి బాధపడుతున్న చేప విషయంలో కూడా, లవంగ నూనెతో మత్తు ఎక్కించి నిదానంగా ప్రాణం పోయేలా చేసే పద్ధతి ఉంది. చేయడం కష్టంగానే ఉంటుంది. చెరువులో వదిలేస్తే మన కళ్ళ ముందు ఏదీ చావదు కాబట్టి పుణ్యం చేసినట్టు ఉంటుంది, అంతే తేడా. దాని ఫలితం మన పక్క తోట అన్నలాంటివాళ్ళు, వల వేసేవాళ్ళు అనుభవిస్తారు.

నా మటుకు నాకు ఈ చేపలు పెంచడం తప్పని అనిపించదు. ఆఫీసు కాల్స్ అయ్యాక రాత్రి లైటాపి ఆ ట్యాంకు ముందు కూర్చుంటే వచ్చే నెమ్మది ఇంకెక్కడా రాదు. పిల్లలకి జీవశాస్త్రం పాఠం కూడా అక్కడే అయిపోతుంది. అందుకే పెట్టుకోండి అనే చెప్తాను. కాకపోతే షాపుకి వెళ్ళేముందు ఒక కాగితం మీద ట్యాంకు సైజు, మీ బోరు నీళ్ళ కేహెచ్, ఏ మూడు జాతులు, ఒక్కోటీ ఎన్ని అని రాసుకోండి. దాని కింద, ఇల్లు మారినా, అమెరికా ప్రాజెక్టు వచ్చినా, పిల్లలు ముప్ఫై అయినా ఈ చేపలు ఎవరింటికి వెళ్తాయో ఒక మనిషి పేరు రాయండి. పేరు దొరక్కపోతే ఇంకొన్నాళ్ళు ఆగండి. చేపలు ఎక్కడికీ పోవు, షాపులోనే ఉంటాయి.